తూకం, ప్రాజెక్టు డైరీ: పొసగని మెమరీ సెట్టింగుల గురించి ఎప్పుడు నోరు విప్పాలి

1వ రోజు. ఏం కడుతున్నాం

విద్యానగర్‌లో ఒక గది, అందులో పాత డెస్క్‌టాప్ ఒకటి. డీడీఆర్4 8 జీబీ ర్యామ్ స్టిక్కు, ఉబుంటు లినక్స్, ప్రాసెస్‌ల మెమరీకి హద్దు గీసే కెర్నల్ సౌకర్యం సీగ్రూప్ రెండో వెర్షన్, కాసేపు ఆదుకునే చిన్న యూపీఎస్. దాని మీద డాకర్ కంపోజ్‌తో మూడు కంటైనర్లు (ఒక్కో ప్రోగ్రామ్‌ను విడిగా, దాని మెమరీ పరిమితిలో నడిపే పెట్టెలు) నడుస్తాయి: తెలుగు నిఘంటువులో పదాలు వెతికిపెట్టే జావా సర్వీసు, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ముందు క్యాష్‌గా, అంటే తరచూ అడిగేవాటిని మెమరీలో దాచడానికి, రెడిస్.

వీటి మెమరీని శాసించే చోట్లు లెక్కపెడితే ఏడు తేలాయి. కంపోజ్ ఫైలు, జావా కమాండ్ లైను, జావా చదివే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, పోస్ట్‌గ్రెస్ కాన్ఫ్ ఫైలు, ఆల్టర్ సిస్టమ్ కమాండు రాసే ఆటో కాన్ఫ్ ఫైలు, రెడిస్ కాన్ఫ్, కెర్నల్ సెట్టింగులుండే సిస్‌సీటీఎల్. ఒకచోట రాసింది ఇంకోచోట రాసినదానికి పొసగుతుందో లేదో చూసే నాథుడు లేడు. జావా ఒక్కటే కంటైనర్ పరిమితిని కనిపెడుతుంది, అదీ హీప్ (జావా తన డేటా దాచుకునే మెమరీ) సైజు మనం చెప్పనప్పుడే లెక్కలోకి తీసుకుంటుంది.

తూకం ఈ ఏడింటినీ చదివి, పొసగని చోట చెప్పే పైథాన్ ప్రోగ్రామ్. చదవడం పెద్ద కష్టం కాదు. ఏది చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నదే అసలు పని.

మొదలుపెట్టినప్పుడు సెట్టింగులు ఇలా ఉన్నాయి. జావాకు కంటైనర్ పరిమితి 1024 ఎంబీ, ఎక్స్‌ఎంఎక్స్ (హీప్ గరిష్ఠ సైజు) 1024ఎం, పక్కనే మాక్స్‌ర్యామ్‌పర్సంటేజ్ (పరిమితిలో హీప్‌కు ఎంత శాతం) 70. పోస్ట్‌గ్రెస్‌కు పరిమితి 2 జీబీ, షేర్డ్ బఫర్స్ (దాని ఉమ్మడి క్యాష్) కూడా 2 జీబీ, వర్క్‌మెమ్ (ఒక్కో సార్ట్ వాడుకోగల మెమరీ) 64 ఎంబీ, మాక్స్ కనెక్షన్స్ 100. రెడిస్‌కు పరిమితి 512 ఎంబీ, తొలగింపు పాలసీ ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూ (చాలాకాలంగా వాడని కీలను ముందు తీసేయడం), దాని హద్దు చెప్పే మాక్స్‌మెమరీ అసలు రాయలేదు.

ఇన్ని తేడాలున్నా మూడు కంటైనర్లూ నిక్షేపంగా స్టార్ట్ అవుతాయి. చిక్కు అక్కడే ఉంది. తప్పు సెట్టింగుతో ప్రోగ్రామ్ లేవకపోతే ఎవరో ఒకరు అప్పుడే చూస్తారు. లేచి, మూడు వారాలు నడిచి, క్యాష్ నిండాక పడితే ఆ ఫైలు ఎవరికీ గుర్తుకు రాదు.

2వ రోజు. యూనిట్లు

ఏ రెండు అంకెలను పోల్చాలన్నా ముందు రెండింటినీ బైట్లలోకి మార్చాలి. ఒక పూటలో అయిపోతుందనుకున్న పని రోజంతా తినేసింది.

జావాలో 512ఎం అంటే 512 × 1048576 బైట్లు. డాకర్‌లోనూ అంతే. రెడిస్‌లో 512ఎం అంటే 512 × 1000000, 512ఎంబీ అంటేనే 512 × 1048576. రెండింటి మధ్య తేడా 24870912 బైట్లు, దాదాపు 23.7 ఎంబీ. రెడిస్ కాన్ఫ్ ఫైలు మొదట్లోనే ఈ సంగతి రాసి ఉంటుంది. దాన్ని దాటుకుని కిందికి పోవడం అందరికీ అలవాటు.

పోస్ట్‌గ్రెస్ తీరు వేరు. ఎంబీ అంటే 1048576, ఒట్టి ఎం రాస్తే ఒప్పుకోదు. యూనిట్ రాయకపోతే మాత్రం కిమ్మనకుండా తీసుకుంటుంది, ఒక్కో సెట్టింగుకు ఒక్కో అర్థంతో. షేర్డ్ బఫర్స్ 2048 అంటే 2048 బ్లాకులు, ఒక్కో బ్లాకు 8 కేబీ, మొత్తం 16 ఎంబీ. వర్క్‌మెమ్ 64 అంటే 64 కేబీ. ఆ సెట్టింగుకు అనుమతించే కనిష్ఠం సరిగ్గా 64 కేబీయే కాబట్టి ఎర్రర్ కూడా రాదు. 64 ఎంబీ అనుకుని రాసినవారికి 64 కేబీలో పట్టని ప్రతి సార్ట్ డిస్కు మీదికి పోతుంది.

కంటైనర్లను చాలా యంత్రాల మీద నడిపే కుబర్నెటీస్ మా దగ్గర లేదు, అయినా పార్సర్‌లో పెట్టాం. అక్కడ చిన్న ఎం అంటే మిల్లీ. మెమరీకి 400ఎం అని రాస్తే 0.4 బైటు అడిగినట్టు. పెద్ద ఎం పది లక్షలు, ఎంఐ 1048576. జావా ఫ్లాగును అలవాటుగా పక్క ఫైలులోకి కాపీ కొట్టేవారికి ఇది పక్కా ఉచ్చు.

పార్సర్ ప్రతి విలువకూ నాలుగు సంగతులు దాచుకుంటుంది: బైట్ల సంఖ్య, ఫైలులో ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టుగా, ఫైలు పేరు, లైను నంబరు. హెచ్చరికలో బైట్లుగా మార్చిన అంకె మాత్రమే చూపిస్తే రాసినవారు తమ అక్షరాలను గుర్తుపట్టలేరు.

చిన్న దెబ్బ ఒకటి: సీగ్రూప్ రెండో వెర్షన్‌లో పరిమితి లేకపోతే ఆ ఫైలులో అంకె ఉండదు, మాక్స్ అనే మాట ఉంటుంది. అంకెగా మార్చబోతే ప్రోగ్రామ్ కూలుతుంది. మొదటి వెర్షన్‌లో అంకే ఉంటుంది, 9223372036854771712 అని. అది సైన్ ఉన్న 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్యను 4096 బైట్ల పేజీకి కిందికి సవరించిన విలువ. రెండింటినీ పరిమితి లేదు అనే ఒకే గుర్తు కిందికి తెచ్చాం.

3వ రోజు. మొదటి పరుగు, మరీ ఎక్కువ మాటలు

మొదటి వెర్షన్ నియమం సాదా: రెండు సెట్టింగులు కలిసి ఉన్న మెమరీని దాటగలిగితే హెచ్చరించు. మూడు కంటైనర్ల మీద అది పదకొండు హెచ్చరికలు కక్కింది. అందులో నిజంగా సరిచేయాల్సినవి మూడు. పోస్ట్‌గ్రెస్ గురించే నాలుగు వచ్చాయి, అన్నీ వర్క్‌మెమ్‌ను కనెక్షన్లతో గుణించి చూపించినవే. 64 × 100 అంటే 6400 ఎంబీ, అది 2 జీబీ పరిమితిని దాటుతుంది, లెక్క తప్పు కాదు. కానీ వంద కనెక్షన్లూ ఒకే క్షణంలో పెద్ద సార్ట్ చేస్తాయా? ఇంకోవైపు చూస్తే ఒకే క్వెరీలో నాలుగు సార్ట్ నోడ్లు ఉంటే ఒక్కొక్కటీ 64 ఎంబీ వాడుకోగలదు, హాష్ అయితే వెర్షన్ 15 నుంచి డిఫాల్ట్‌గా దానికి రెట్టింపు కూడా. కాబట్టి 6400 గరిష్ఠమూ కాదు, అంచనా కూడా కాదు. పోస్ట్‌గ్రెస్ స్వయంగా ఈ గుణకారం చేసి హెచ్చరించదు. చేయకపోవడమే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

4, 5 రోజులు. మూడు గంపలు

పదకొండింటినీ కాగితం మీద రాసుకుని, ప్రతిదాని పక్కనా ఒకే ప్రశ్న వేశాం: ఈ రెండు సెట్టింగులూ ఒకేసారి చెల్లుతాయా?

అసలు చెల్లవు, ప్రోగ్రామే లేవదు అనేవి మొదటి గంప. ఎక్స్‌ఎంఎస్ (మొదట్లో హీప్ సైజు) విలువ ఎక్స్‌ఎంఎక్స్ కంటే పెద్దదైతే జావా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డాకర్‌లో మెమరీ రిజర్వేషన్ పరిమితిని మించితే కంటైనర్ తయారవదు. వీటిని స్టార్ట్ సమయంలో తూకం మళ్లీ చెప్పనక్కర్లేదు, ఆ ప్రోగ్రామే చెబుతుంది. మార్చిన ఫైళ్లను రిపోజిటరీలో కమిట్ చేసేటప్పుడు మాత్రం చెబుతాం, ఎందుకంటే అప్పటికి ఇంకా ఏదీ నడవలేదు.

ఒకటి చెల్లి, రెండోది చడీచప్పుడు లేకుండా చచ్చిన అక్షరంగా మిగిలేవి రెండో గంప. తూకం ఉన్నది దీనికోసమే. మా ఫైళ్లలోనే మూడు దొరికాయి.

జావాలో ఎక్స్‌ఎంఎక్స్ ఇస్తే మాక్స్‌ర్యామ్‌పర్సంటేజ్‌ను పట్టించుకోదు, ఒక్క లైను కూడా రాయదు. 70 శాతం అని రాసినవారు మిగతా 30 శాతం ఖాళీగా ఉందన్న భరోసాలో ఉంటారు. ఉన్నది సున్నా.

రెడిస్‌లో పాలసీ ఆల్‌కీస్-ఎల్‌ఆర్‌యూ అని ఉంది, మాక్స్‌మెమరీ రాయలేదు. 64 బిట్ల రెడిస్‌లో దాని డిఫాల్ట్ 0, అంటే హద్దు లేదు. హద్దే లేనప్పుడు పాత కీలను తొలగించాల్సిన సందర్భం ఎప్పటికీ రాదు. పాలసీ లైను అలంకారప్రాయం. రెడిస్ పెరుగుతూ పోయి 512 ఎంబీ కంటైనర్ గోడకు గుద్దుకుంటుంది, కెర్నల్ దాన్ని చంపుతుంది, కంటైనర్ 137 కోడ్‌తో బయటికొస్తుంది. 128కి సిగ్నల్ నంబరు 9 కలిపితే వచ్చేదే ఆ 137.

పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్స్ 2 జీబీ, పరిమితీ 2 జీబీ. స్టార్ట్ అవుతుంది, ఎందుకంటే షేర్డ్ మెమరీ పేజీలు ముట్టుకున్నప్పుడే సీగ్రూప్ ఖాతాలో పడతాయి. క్యాష్ నిండేకొద్దీ ఖాతా పెరుగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కెర్నల్ చంపేది సాధారణంగా మొదటి ప్రాసెస్‌ను కాదు, ఏదో ఒక బ్యాకెండ్‌ను, అంటే ఒక కనెక్షన్ పని చూసే ప్రాసెస్‌ను. కంటైనర్ ఆగదు, 137 కనపడదు. పోస్ట్‌గ్రెస్ లాగులో ఒక ప్రాసెస్ సిగ్నల్ 9తో పోయిందని వస్తుంది, మిగతా కనెక్షన్లన్నీ తెగుతాయి, రికవరీ మొదలవుతుంది. బయటి నుంచి చూస్తే నెట్‌వర్క్ ఒకసారి పోయి వచ్చినట్టుంటుంది. సాక్ష్యం కావాలంటే సీగ్రూప్‌లోని మెమరీ ఈవెంట్స్ ఫైలులో ఓఓఎం కిల్ (మెమరీ చాలక చంపినవి) లెక్క చూడాలి.

జరగొచ్చు, జరగకపోవచ్చు అనేవి మూడో గంప. వర్క్‌మెమ్ గుణకారం, అన్ని కంటైనర్ల పరిమితుల మొత్తం యంత్రంలోని ర్యామ్‌ను దాటడం, ఇలాంటివి. పరిమితుల మొత్తం దాటడం చాలాచోట్ల తెలిసి చేసేదే. ఇవన్నీ అడిగితేనే చూపించే రిపోర్టులోకి పోయాయి.

ఎక్స్‌ఎంఎక్స్ ఎంత దగ్గరికి వస్తే హెచ్చరించాలన్న దాని మీద ఎక్కువ చర్చ నడిచింది. ఎక్స్‌ఎంఎక్స్ పరిమితికి సమానమైతే సందేహం లేదు, అది రెండో గంప. హీప్ కాక జావాకు మెటాస్పేస్ (క్లాసుల సమాచారం), కోడ్ క్యాష్ (కంపైలైన కోడ్), థ్రెడ్ స్టాకులు, డైరెక్ట్ బఫర్లు (హీప్ బయటి బఫర్లు) ఉంటాయి. లినక్స్ 64 బిట్ల మీద థ్రెడ్ స్టాక్ డిఫాల్ట్ 1 ఎంబీ, కోడ్ క్యాష్‌కు కేటాయించుకునే జాగా 240 ఎంబీ వరకు. హీప్ పూర్తిగా నిండకముందే కెర్నల్ దిగుతుంది. జావాకు అవుటాఫ్‌మెమరీ ఎర్రర్ వేసే అవకాశమే రాదు, ఆ ఎర్రర్ వచ్చినప్పుడు హీప్ డంప్ (హీప్‌లో ఉన్నదంతా ఒక ఫైలుగా) రాయమని పెట్టిన ఫ్లాగు కూడా దండగ. ఒక సెట్టింగు రెండిటిని చంపుతోంది.

మరి 1024కి 900 అయితే? 75 శాతం దాటితే హెచ్చరిద్దామని ఒక ప్రతిపాదన. ఆ 75 ఎక్కడిది? ఇరవై థ్రెడ్ల సర్వీసుకు 85 శాతమైనా నడుస్తుంది, డైరెక్ట్ బఫర్లు బాగా వాడేదానికి 60 కూడా ఎక్కువే. చివరికి నిలిచిన నియమం ఇది: మనం ఊహించిన అంకె ఒక్కటి కూడా హెచ్చరికలోకి రాకూడదు. ఎక్స్‌ఎంఎక్స్, మాక్స్ మెటాస్పేస్ సైజ్, మాక్స్ డైరెక్ట్ మెమరీ సైజ్ మూడూ రాసి ఉండి, వాటి మొత్తం పరిమితిని దాటితే హెచ్చరిస్తాం. అన్నీ వాళ్లు రాసిన అంకెలే కాబట్టి వాదనకు తావు లేదు. రాయనివి ఉంటే రిపోర్టుతో సరి.

7వ రోజు. ఎవరు రాశారు

రెండు డిఫాల్టులు ఒకదానితో ఒకటి గొడవపడితే అది సాఫ్ట్‌వేర్ రాసినవారి తప్పు, వాడేవారిని తిట్టి లాభం లేదు. అందుకని ప్రతి విలువ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

జావాలో ఇది తేలిక. అదే కంటైనర్లో, అవే ఆప్షన్లతో, ప్రింట్‌ఫ్లాగ్స్‌ఫైనల్ ఫ్లాగు కలిపి వెర్షన్ అడిగితే ప్రతి ఫ్లాగు చివరా దాని పుట్టుక రాస్తుంది: డిఫాల్టా, కమాండ్ లైనా, ఎర్గోనామిక్సా (యంత్రాన్ని చూసి జావా తానే లెక్కకట్టిందా). పోస్ట్‌గ్రెస్‌లో పీజీ సెట్టింగ్స్ వ్యూలో సోర్స్, సోర్స్‌ఫైల్, సోర్స్‌లైన్ కాలమ్‌లు ఉన్నాయి. అయితే సోర్స్‌ఫైల్ చూడాలంటే సూపర్‌యూజర్ కావాలి, లేదా పీజీ రీడ్ ఆల్ సెట్టింగ్స్ రోల్ ఇవ్వాలి. మేం రెండోదే ఇచ్చాం. రెడిస్ కాన్ఫిగ్ గెట్ విలువ చెబుతుంది, పుట్టుక చెప్పదు. అక్కడ ఫైలును మనమే చదవాలి.

జావా తనలో తాను ఈ పద్ధతిని ఒకచోట చక్కగా పాటిస్తుంది. హీప్ 32 జీబీ దగ్గరికి వచ్చాక కంప్రెస్డ్ ఊప్స్ (పాయింటర్లను సగం సైజులో దాచే సౌకర్యం) పనిచేయదు. డిఫాల్ట్‌గా ఉన్న ఆ సౌకర్యాన్ని జావా మాట్లాడకుండా ఆపేస్తుంది. కానీ కంప్రెస్డ్ ఊప్స్ కావాలని మనం కమాండ్ లైనులో రాసి ఉంటే మాత్రం హీప్ దానికి మరీ పెద్దదని హెచ్చరిస్తుంది. అడగనిది పోతే చెప్పనక్కర్లేదు, అడిగింది ఇవ్వలేకపోతే చెప్పి తీరాలి. తూకం నియమాలన్నీ ఈ ఒక్క కొలతతో మళ్లీ రాశాం.

ఒకే విలువ రెండుచోట్ల రాసినప్పుడు ఏది చెల్లుతుందన్నది కూడా ఇక్కడే తేల్చాం. జావాలో ఎక్స్‌ఎంఎక్స్ రెండుసార్లు వస్తే చివరిది చెల్లుతుంది. జావా టూల్ ఆప్షన్స్ వేరియబుల్‌ను కమాండ్ లైను కొట్టేస్తుంది, ముందు అండర్‌స్కోర్ ఉండే జావా ఆప్షన్స్ వేరియబుల్ కమాండ్ లైనును కూడా కొట్టేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఒకే ఫైలులో రెండుసార్లు ఉంటే కింది లైనుది పైచేయి, ఆటో కాన్ఫ్ ఫైలు మామూలు కాన్ఫ్ ఫైలును మించుతుంది. మామూలు ఫైలును ఎంత దిద్దినా ఏమీ మారడం లేదంటే తరచూ కారణం ఆటో కాన్ఫే. రెండు విలువలు ఒకటే అయితే తూకం ఏమీ అనదు. వేరైతేనే.

9వ రోజు. ఫైలులో ఉన్నది, నడుస్తున్నది

షేర్డ్ బఫర్స్‌ను ఫైలులో 512 ఎంబీకి తగ్గించి రీలోడ్ చేశాం. హెచ్చరిక పోయింది. పోకూడదు. షేర్డ్ బఫర్స్ మారాలంటే రీస్టార్ట్ కావాలి, నడుస్తున్న సర్వర్‌లో ఇంకా 2 జీబీయే ఉంది. తూకం ఫైలును మాత్రమే చదివి సంతృప్తి పడింది.

ఇప్పుడు రెండూ చూస్తుంది. ఫైలులో సరిగ్గా ఉండి, పెండింగ్ రీస్టార్ట్ కాలమ్ నిజం అని చెబితే మాట మారుతుంది: ఫైలు సరిపోయింది, రీస్టార్ట్ అయ్యేదాకా పాత 2 జీబీయే నడుస్తోంది. తప్పును సరిచేసినవారిని మళ్లీ తప్పు చేశావని అనకూడదు, పని ఇంకా కాలేదని మాత్రం చెప్పాలి.

తిరగేసిన సందర్భం డాకర్ అప్‌డేట్. నడుస్తున్న కంటైనర్ పరిమితిని తగ్గించవచ్చు. పెంచేటప్పుడు అది ఇదివరకు పెట్టిన స్వాప్ పరిమితిని దాటితే మాత్రం రెండూ కలిపి మార్చమని డాకర్ అడ్డుకుంటుంది. జావా మాత్రం స్టార్ట్‌లో లెక్కకట్టిన హీప్‌తోనే కొనసాగుతుంది, శాతం రాసి ఉన్నా మళ్లీ లెక్కకట్టదు. పరిమితి ఇప్పటి వాడకం కంటే కిందికి పోతే కెర్నల్ పేజీలు వెనక్కి లాక్కోవడానికి చూస్తుంది, కుదరకపోతే ప్రాసెస్‌ను చంపుతుంది. రెడిస్ ఇలాంటి చోట మర్యాద పాటిస్తుంది: కాన్ఫిగ్ సెట్‌తో మాక్స్‌మెమరీని ఇప్పటి వాడకం కంటే తక్కువకు దించితే, విలువను ఒప్పుకుంటూనే, కీలు పోవచ్చు లేదా కొత్త రాతలు ఆగొచ్చు అని లాగులో రాస్తుంది. ఒప్పుకుని హెచ్చరించడం, ఒప్పుకోకుండా ఆపడం, ఈ రెంటిలో మొదటిదే సరి. దించినవారికి ఆ పర్యవసానమే కావాలేమో.

12వ రోజు. తెల్లవారుజామున కరెంటు పోతే

రాత్రి గాలివానకు కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక యంత్రం తనంతట తాను లేచింది. తూకం స్టార్ట్‌లో పరుగెత్తి, చెప్పాల్సినవి చక్కగా చెప్పింది, సిస్టమ్ లాగైన జర్నల్‌కు. ఆ సమయంలో జర్నల్ చదివే మనిషి ఎక్కడున్నాడు?

స్టార్ట్‌లో హెచ్చరించు అనే నియమం సగమే. చేత్తో స్టార్ట్ చేసినప్పుడు ఎదురుగా మనిషి ఉంటాడు, యంత్రం తానే లేచినప్పుడు ఉండడు. ఇప్పుడు తూకం ముందు ఎర్రర్ స్ట్రీమ్ టెర్మినల్‌కు పోతోందా లేదా చూస్తుంది. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ కింద నడుస్తుంటే జర్నల్ స్ట్రీమ్ అనే వేరియబుల్ ఉంటుంది, దాన్నీ చూస్తుంది. టెర్మినల్ ఉంటే అక్కడే చెబుతుంది. లేకపోతే జర్నల్‌లో ఒక్క లైను రాసి, పూర్తి పాఠాన్ని ఒక ఫైలులో పెడుతుంది. ఉబుంటులో లాగిన్ సందేశాన్ని తయారుచేసే అప్‌డేట్-మోట్‌డీ ఫోల్డర్‌లో ఒక చిన్న స్క్రిప్టు ఆ ఫైలును చూపిస్తుంది. మర్నాడు ఎవరు లాగినైతే వారికి మొదటి తెరలోనే కనపడుతుంది.

మళ్లీ మళ్లీ చెప్పకుండా ఉండడానికి ప్రతి హెచ్చరికకూ ఒక వేలిముద్ర ఉంది: నియమం నంబరు, రెండు విలువలు, రెండు ఫైళ్ల పేర్లు కలిపిన హాష్. లైను నంబరును అందులో కలపలేదు. పైన ఒక కామెంట్ చేర్చినా కొత్త హెచ్చరిక అయిపోతుంది కాబట్టి. వేలిముద్ర పాతదే అయితే జర్నల్‌లో రెండోసారి రాదు.

14వ రోజు. ఫైలు మారలేదు, గొడవ పుట్టింది

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి రెండో 8 జీబీ స్టిక్కు వచ్చింది. దాన్ని పెట్టి, తీసి, రెండు వైపులా పరీక్షించాం.

సూచిక తయారుచేసే రాత్రి జాబు కంటైనర్లో కాక సిస్టమ్‌డీ సర్వీసుగా నడుస్తుంది. మెమరీమాక్స్ 50 శాతం అని ఉంది, ఎక్స్‌ఎంఎక్స్ 6జీ అని ఉంది. సిస్టమ్‌డీ శాతాన్ని యంత్రంలోని మొత్తం ర్యామ్ మీద లెక్కిస్తుంది. 16 జీబీ ఉంటే దాదాపు 8, ఎక్స్‌ఎంఎక్స్ అందులో ఇమిడిపోతుంది. ఒక స్టిక్కు తీసేయగానే 4 లోపు, ఎక్స్‌ఎంఎక్స్ మాత్రం 6 దగ్గరే. ఎవరూ ఏ ఫైలూ ముట్టుకోలేదు. కమిట్ సమయంలో మాత్రమే చూసే సాధనం దీన్ని జన్మలో పట్టుకోలేదు.

కాబట్టి తూకం స్టార్ట్‌లోనూ చూడాలి, వేలిముద్రలో మొత్తం ర్యామ్ కూడా ఉండాలి. ర్యామ్‌ను ఉన్నదున్నట్టు కలిపితే ఇంకో తంటా: కెర్నల్ చూపించే మెమ్‌టోటల్ అనే అంకె, అది తనకు పట్టుకున్నది పోగా మిగిలినది. 8 జీబీకి నిండుగా 8388608 కేబీ రావాలి, ఎప్పుడూ అంతకంటే తక్కువే చూపిస్తుంది, కెర్నల్ మారితే కొంచెం కదులుతుంది కూడా. 256 ఎంబీ మెట్లకు సర్ది కలిపాం. మెట్టు అంచున పడితే మళ్లీ మోగుతుంది, అది సహిస్తాం.

శాతమూ, కచ్చితమైన అంకె కలిసిన జంటలకు హెచ్చరికలో ఒక అదనపు లైను పెట్టాం: ఈ రెండింటిలో ఒకటి ర్యామ్‌తో పాటు కదులుతుంది, రెండోది కదలదు.

15వ రోజు. చెప్పకూడదని తేల్చుకున్నది

హైదరాబాద్ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే తొమ్మిది అక్షరాలు. తెలుగులో గుణింతపు గుర్తులు, చివరి పొల్లు లెక్కేస్తే కోడ్ పాయింట్లూ (యూనికోడ్ సంకేతాలూ) తొమ్మిదే. జావా 9 నుంచి లాటిన్ అక్షరాలు మాత్రమే ఉన్న స్ట్రింగును అక్షరానికి ఒక బైటుతో దాస్తుంది, ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం స్ట్రింగు రెండేసి బైట్లు అవుతుంది. ఇంగ్లిషులో 9 బైట్లు, తెలుగులో 18. రెడిస్‌లో యూటీఎఫ్-8గా పోతే అదే మాట 27 బైట్లు. ఇంగ్లిషు నమూనా డేటాతో పరీక్షించి పెట్టిన ఎక్స్‌ఎంఎక్స్, మాక్స్‌మెమరీ రెండూ అసలు నిఘంటువుకు చాలవు.

ఇది ఎంతో ఉపయోగపడే సమాచారం, అందుకే తూకంలో పెట్టాలని నోరూరింది. పెట్టలేదు. రెండు సెట్టింగుల మధ్య గొడవ కాదిది, సెట్టింగుకూ డేటాకూ మధ్య సంగతి. డేటాలో ఎంత తెలుగు ఉందో తూకానికి తెలియదు. ఒక గుణకం ఊహించి హెచ్చరిస్తే 5వ రోజు నియమం పోతుంది. రీడ్‌మీలో రెండు పేరాలు రాశాం, అక్కడితో సరి.

17వ రోజు. హెచ్చరిక మాటలు

ఇప్పటి రూపం:

తూ-07 హెచ్చరిక
రాసింది: ఎక్స్‌ఎంఎక్స్ 1024ఎం, కంపోజ్ ఫైలు 31వ లైను
రాసింది: మెమ్‌లిమిట్ 1024ఎం, కంపోజ్ ఫైలు 38వ లైను
చెల్లేది: మెమ్‌లిమిట్. హీప్ నిండేలోపే కెర్నల్ ప్రాసెస్‌ను చంపుతుంది, జావా ఎర్రర్ గానీ హీప్ డంప్ గానీ రాయదు.
దారి: ఎక్స్‌ఎంఎక్స్ తగ్గించండి, లేదా మెమ్‌లిమిట్ పెంచండి.

చెల్లేది అనే లైను లేకుండా రాసిన పాత రూపం చదివి, కంపోజ్ ఫైలు కూడా తమదే కాబట్టి ఎక్స్‌ఎంఎక్సే గెలుస్తుందని అనుకోవడం సులువు. డిఫాల్టుతో గొడవైతే రెండో లైనులో రాసింది బదులు డిఫాల్టు అని వస్తుంది. దారిలో కొత్త అంకె సూచించం. ఎంత తగ్గించాలో మాకు తెలియదు.

మొదట బాణాలు, గీతలతో పట్టిక వేశాం. తెలుగు గుణింతాలు, వత్తుల వెడల్పును టెర్మినళ్లు తలో రకంగా లెక్కిస్తాయి, గీతలన్నీ వంకరపోయాయి. లైనుకు ఒక సంగతి, మొదట్లో ఒక మాట, అంతే. తూ-07 లాంటి నంబరు మాత్రం ఎప్పటికీ మారదు, లాగుల్లో వెతుక్కోవడానికి.

హెచ్చరికలన్నీ ఎర్రర్ స్ట్రీమ్‌కే పోతాయి. అయినా అది పూర్తి రక్ష కాదు. జావా టూల్ ఆప్షన్స్ వేరియబుల్ ఉంటే జావా దాన్ని తీసుకున్నానని ఎర్రర్ స్ట్రీమ్ మీదే ఒక లైను రాస్తుంది. జావా వెర్షన్ కూడా అదే స్ట్రీమ్ మీదికి వస్తుంది కాబట్టి మొదటి లైనును వెర్షన్‌గా చదివే స్క్రిప్టులు బోల్తాపడతాయి. అందుకని తూకంలో యంత్రాలు చదివేందుకు విడిగా జేసన్ అవుట్‌పుట్ ఉంది, అది కోరితే మనుషుల కోసం రాసే మాటలు ఒక్కటీ రావు. బయటికొచ్చే కోడ్‌లు: ఏమీ లేకపోతే 0, రెండో గంప ఉంటే 1, మొదటి గంప ఉంటే 2. కమిట్ దగ్గర 2కే ఆపుతాం.

ఇలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సర్వర్ వేసిన మెట్టు ఒకటి ఇక్కడ అరువు తెచ్చుకున్నాం. అది బయటి నెట్‌వర్క్ అడ్రసుకు కట్టుకోనంతవరకు తన బూట్‌స్ట్రాప్ తనిఖీలను హెచ్చరికలుగా చెబుతుంది, కట్టుకున్న క్షణం అవే ఎర్రర్లు అవుతాయి, లేవదు. డెవలపర్ ల్యాప్‌టాప్‌కూ అసలు సర్వర్‌కూ ఒకే గొంతు పనికిరాదు. తూకంలో కట్టుదిట్టం అనే ఒక స్విచ్చు ఉంది, సర్వర్ మీద వేస్తే 1 కూడా ఆపుతుంది. ల్యాప్‌టాప్‌లో డిఫాల్ట్‌గా ఆరిపోయి ఉంటుంది.

18వ రోజు. నోరు మూయించడం

తెలిసి పెట్టిన సెట్టింగును తెలిసే పెట్టామని చెప్పే దారి ఉండాలి. మినహాయింపు ఫైలులో నియమం నంబరు, రెండు విలువలు, కారణం, గడువు తేదీ. నాలుగూ తప్పనిసరి. విలువల్లో ఏది మారినా మినహాయింపు రద్దు: 1024కి సరేనన్న ఒప్పుకోలు 2048కి వర్తించదు. గడువు దాటితే హెచ్చరిక మళ్లీ వస్తుంది, పాత కారణంతో సహా. నియమాన్ని మొత్తంగా ఆపే స్విచ్చు పెట్టలేదు. ఒకసారి పెడితే దాన్ని తిరిగి వేసేవారు ఉండరు.

20వ రోజు. ఇప్పుడున్న స్థితి

ఎక్స్‌ఎంఎక్స్ 640ఎం, శాతం లైను తీసేశాం. షేర్డ్ బఫర్స్ 512 ఎంబీ, రీస్టార్ట్ అయింది. రెడిస్ మాక్స్‌మెమరీ 384ఎంబీ. మిగతా 128 ఎంబీ ఎందుకంటే డిస్కుకు రాసేటప్పుడు రెడిస్ ఫోర్క్ అవుతుంది, అంటే తన నకలు ప్రాసెస్‌ను పుట్టిస్తుంది, ఆ సమయంలో మారిన పేజీలకు రెండో కాపీ పుడుతుంది. మాక్స్‌మెమరీ లెక్కలోకి అది రాదు. కెర్నల్ సెట్టింగు ఓవర్‌కమిట్ మెమరీ (ఉన్నదానికంటే ఎక్కువ అడిగినా ఒప్పుకోవాలా అనేది) 1. అది 0 ఉంటే రెడిస్ తానే హెచ్చరిస్తుంది, కాబట్టి తూకం ఊరుకుంటుంది. 2 ఉంటే మాత్రం కమిట్ దగ్గరే చెబుతుంది.

కొత్తగా చేరిన నియమం తూ-12. డాకర్ కంటైనర్లో డెవ్ ఎస్‌హెచ్‌ఎం (ప్రాసెస్‌లు పంచుకునే మెమరీ జాగా) డిఫాల్ట్‌గా 64 ఎంబీ. పోస్ట్‌గ్రెస్ ప్యారలల్ క్వెరీలు అందులోనే జాగా తీసుకుంటాయి. వర్క్‌మెమ్ 64 ఎంబీ అని రాసి, ప్యారలల్ హాష్ నడిస్తే డిస్కులో జాగా లేదనే ఎర్రర్ వస్తుంది. డిస్కు చూస్తే సగం ఖాళీ. ఎర్రర్ మాట తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి ఇది రిపోర్టులో కాక హెచ్చరికల్లోనే ఉండాలని తేలింది, వర్క్‌మెమ్‌ను మనిషి రాసి, ఎస్‌హెచ్‌ఎం సైజు రాయనప్పుడు మాత్రమే. మేం 256ఎం పెట్టాం. ఆ జాగా కూడా కంటైనర్ పరిమితి ఖాతాలోకే వస్తుంది, విడిగా ఇచ్చే బహుమానం కాదు.

తెగనిది ఒకటి ఉంది. సీగ్రూప్‌లు చెట్టులా ఉంటాయి, నిజమైన పరిమితి మన కొమ్మది ఒక్కటే కాదు, మనదీ పైనున్న కొమ్మలవీ కలిపి అన్నిటిలో అతి చిన్నది. కంటైనర్ లోపల సీగ్రూప్ నేమ్‌స్పేస్ వల్ల పై కొమ్మలు కనపడవు, చూస్తే మనమే చెట్టు మొదలు అన్నట్టుంటుంది. తూకాన్ని కంటైనర్లో నడిపితే తండ్రి కొమ్మ మీది 2 జీబీ కనపడక అంతా బాగుందంటుంది. ప్రస్తుతానికి హోస్ట్ మీదే నడుపుతున్నాం. లోపల నడిచినప్పుడు బాగుంది అనే మాట తీసేసి, కనపడినంతలో గొడవ లేదు అని రాయాలి. రేపటి కమిట్ అదే.